మియాదీ బుఖార్

మా ఖాందాన్‌లో టైఫాయిడ్ రాని మనిషి లేడు. ఫుప్పూకి మూడుసార్లు వచ్చింది. చిన్న మామూకి ఏటా వానాకాలంలో వస్తుంది. అబ్బాకైతే "టైఫాయిడ్ ఖూన్‌లోనే ఉండిపోయింది", ఎప్పుడు ఒళ్లు వెచ్చబడినా అదే మళ్లీ లేచిందంటారు. కర్నూలు వన్‌టౌన్‌లో ఏ ఇంటి పర్దా ఎత్తి అడిగినా దాదాపు ఇదే హాల్. షుగర్ సంగతి దాచుకునేవాళ్లు, బీపీ గోళీ పక్కింటివాళ్లు చూడకుండా మింగేవాళ్లు కూడా టైఫాయిడ్ గురించి మాత్రం ఖుల్లంఖుల్లా చెప్తారు. "వైడాల్‌లో ఒకటికి నూటఅరవై వచ్చిందమ్మా" అని, పిల్లాడికి టెన్త్‌లో వచ్చిన మార్కులు చెప్పినట్టు.

మనవాళ్లు సొంతంగా తేల్చేసుకునే బీమారీలు ఇంకా ఉన్నాయి. ఛాతీలో ఎక్కడ నొప్పి లేచినా గ్యాస్. కళ్లు తిరిగితే లో బీపీ. నోట్లో పుండు వస్తే గర్మీ. ఏదీ కుదరకపోతే కమ్జోరీ. గుండెపోటుని గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టిన ఇళ్లు నాకు తెలుసు, దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఇవాళ టైఫాయిడే ఎందుకంటే, మిగతావాటికి నోటిమాటే ఆధారం. దీనికి ల్యాబ్ ముద్ర వేసిన కాగితం ఉంటుంది. కాగితం చేతిలో ఉన్న మనిషితో వాదించడం ఎంత కష్టమో ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నదాన్ని, నాకు బాగా తెలుసు.

మా నానీ టైఫాయిడ్ అనేది కాదు, మియాదీ బుఖార్ అనేది. మియాద్ అంటే గడువు. ఏడు రోజులకో, పధ్నాలుగుకో, ఇరవై ఒకటికో దిగే జ్వరం. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు దీన్నే సన్నిపాత జ్వరం అంటారని తెలిసింది. ఆ మాట వింటేనే భయం వేస్తుంది. నానీ మాటలో మాత్రం రోజుల లెక్క ఉంది. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చేదాకా ఈ జబ్బుకి సరైన దవా లేదు. మూడో వారం గడిస్తే మనిషి దక్కినట్టు. ఆ రోజుల్లోనే పేగుకి చిల్లు పడి పోయినవాళ్లు ఎందరో. కాబట్టి టైఫాయిడ్‌ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. ఖరాబ్ నీళ్లు, తిండి ద్వారా వచ్చే ఈ బీమారీ మన దేశంలో ఇప్పటికీ ఉంది. దానికి టీకా కూడా ఉంది, అది హైదరాబాద్‌లోనే తయారవుతుంది. నా ఫిక్రంతా ఆ పేరు తగిలించుకుని తిరిగే మిగతా జ్వరాల గురించి.

వైడాల్ పరీక్షని 1896లో కనిపెట్టింది పారిస్ డాక్టర్ ఫెర్నాన్ విదాల్. ఫ్రాన్సులో విదాల్, మన ల్యాబుల్లో వైడాల్. ఒకసారి ఏదో స్టోరీ పనిమీద ఒక ల్యాబ్‌కి వెళ్లినప్పుడు, ఇదెలా చేస్తావో చూపించమని అక్కడి కుర్రాణ్ని అడిగాను. మరీజ్ రక్తం గడ్డకట్టాక పైన తేలే పచ్చటి నీరు ఉంటుంది కదా, సీరం, అది ఒక చుక్క గాజుపలక మీద వేశాడు. దాని పక్కన చిన్న సీసాలోంచి రంగుమందు ఒక చుక్క. ఆ మందులో చచ్చిన టైఫాయిడ్ క్రిములు ఉంటాయట. రెండిటినీ పుల్లతో కలిపి, పలకని ఒక నిమిషం అటూ ఇటూ ఊపి, లైటు కింద పెట్టి చూశాడు. పాలు విరిగినట్టు రవ్వరవ్వగా అయితే పాజిటివ్. సీరం ఎంత పలచనైనా ఇంకా విరుగుతుంటే అంకె పెరుగుతుంది. ఒకటికి 80, 160, 320. ఇంతే తమాషా.

అలా విరిగిందంటే ఒంట్లో ఇప్పుడు క్రిమి ఉందని లెక్క వేస్తారు మనవాళ్లు. అది చెప్పేది ఈ క్రిమితోనో, దాని చుట్టాలతోనో ఎప్పుడో ఒకప్పుడు మన ఒంటికి ములాఖాత్ అయిందని మాత్రమే. మన ఊళ్ల నీళ్లు తాగి పెరిగిన మనిషి సుబ్బరంగా ఉన్నప్పుడు పరీక్ష చేసినా కొంత అంకె కనిపించవచ్చు. పాత టైఫాయిడ్ గుర్తు మిగిలి ఉన్నా, టీకా వేయించుకున్నా, మలేరియా లాంటి వేరే జ్వరం వచ్చినా అది లేవచ్చు. అసలు టైఫాయిడ్ వచ్చినవాళ్లకి మొదటి వారం గడిస్తే గానీ సరిగ్గా లేవదు. మనవాళ్లు రెండో రోజే పరిగెత్తి చేయిస్తారు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగింతలైందా అని చూస్తే కొంత మానీ ఉంటుంది. రెండోసారి చేయించుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

దీనికంటే నమ్మదగింది బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ పడకముందే రక్తం తీసి, అందులో క్రిమి పెరుగుతుందా అని కొన్ని రోజులు చూస్తారు. అది కూడా అందరిలో పట్టుకోలేదు, ఖర్చూ ఎక్కువే. రక్తం తీశాక మందు మొదలుపెట్టవచ్చు గానీ, కాగితం చేతికి రావడానికి రెండు మూడు రోజులైనా పడుతుంది. కాగితం లేకుండా మన ఇళ్లలో జ్వరం నడవదు. పొద్దున రక్తం ఇస్తే జొహర్ లోపల పేరు తెలిసిపోవాలి.

ఆ పేరు దొరికితే అందరికీ ఖుషీ. డాక్టరుకి జవాబు దొరికింది. ల్యాబ్‌కి, మెడికల్ షాపుకి ఐదు రోజుల బేరం దొరికింది. ఇంటివాళ్లకి మియాద్ దొరికింది. "వైరల్ ఫీవర్, తగ్గిపోతుంది" అంటే మనకి ఆ డాక్టర్‌కి ఏమీ తెలియదని అర్థం. టైఫాయిడ్ అంటే ఒక ఇంతెజామ్ ఉంది: సెలైన్, ఇంజెక్షన్లు, పాలు, బ్రెడ్డు, మెత్తటి కిచిడీ, గోష్త్ పూర్తిగా బంద్, చూడటానికి వచ్చేవాళ్ల చేతిలో దానిమ్మలు. వైరల్ జ్వరం ఐదారు రోజులకి ఎలాగూ దిగుతుంది. ఇంజెక్షన్ల కోర్సూ అప్పటికే పూర్తవుతుంది. షిఫా ఇంజెక్షన్ల ఖాతాలో పడుతుంది. వచ్చే ఏడు మళ్లీ ఒళ్లు కాలితే "పోయినసారి లాగే ఉంది" అని మనమే చెప్పి, మనమే పరీక్ష రాయించుకుంటాం. థర్మామీటర్‌లో ఏమీ లేకపోయినా ఫరక్ పడదు. దానికి తెలుగులో లోజ్వరం, ఇంట్లో అందర్ కా బుఖార్ అని పేర్లు తయారుగా ఉన్నాయి.

ఆ ఇంజెక్షన్లు వృథాగా పోతే పైసలే కదా పోయేది అనుకోవచ్చు. ఎక్కువగా రాసేది సెఫ్ట్రియాక్సోన్. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో (అవును, వాళ్లకీ ఒక హైదరాబాద్ ఉంది) సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగని టైఫాయిడ్ బయటపడింది. కరాచీకి కూడా పాకింది. నోటితో మింగే మందుల్లో అక్కడ దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అవసరం లేనిచోట మందు వాడిన కొద్దీ అవసరం పడినచోట అది పనిచేయడం మానేస్తుంది.

ఇక మా ఖాలా కూతురి సంగతి. తను ఒప్పుకున్నాకే రాస్తున్నాను, "పేరు మాత్రం వద్దు ఆపా" అంది.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడు తనకి ఇరవై రెండు, ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్. మంగ్నీ అయింది, షవ్వాల్‌లో నికాహ్ అనుకున్నారు. ఆ ఏడాదిలో తనకి మూడుసార్లు టైఫాయిడ్ "వచ్చింది". మూడుసార్లూ అదే వీధిలో అదే ల్యాబ్, అదే నూటఅరవై. ఇంజెక్షన్ల తర్వాత గోళీలు. వాటితో జ్వరం కొన్నాళ్లు దిగేది, మళ్లీ ఎక్కేది. తర్వాత ఒక డాక్టర్ నాకు వివరంగా చెప్పాడు: టైఫాయిడ్‌కని రాసే ఆఫ్లోక్సాసిన్ తరగతి మందులు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయట. జబ్బు పోదు, కొన్నాళ్లు తల వంచుకుని కూర్చుంటుంది. దాంతో ఇంట్లో అందరికీ యకీన్ కుదిరింది, టైఫాయిడ్ మందుకి తగ్గింది కాబట్టి టైఫాయిడే అని. దుల్హన్ బట్టలకి కొలతలు ఇచ్చాక దర్జీ రెండుసార్లు జాకెట్లు కుట్లు లోపలికి పట్టాల్సి వచ్చింది. "షాదీ ఫిక్ర్‌లో చిక్కిపోయింది" అనేది ఖాలా.

నన్ను వాళ్లతో దవాఖానాకి తీసుకెళ్లేది తర్జుమా కోసం. ఖాలాకి తెలుగు బజారు వరకే వచ్చు. "బదన్ టూట్ రహా" అంటే "ఒళ్లు విరుగుతోందట" అని చెప్పడానికి ఇంట్లో బీఏ తెలుగు చదివింది నేనొక్కదాన్నే. నాలుగోసారి జ్వరం వచ్చినప్పుడు నేను వేరే చోటికి వెళ్దామని పట్టుబట్టి సర్కారీ దవాఖానాకి తీసుకెళ్లాను. అక్కడి డాక్టర్ మా ఫైలు పక్కన పెట్టేశాడు. సాయంత్రాలే వస్తోందా అని అడిగాడు. రాత్రి చెమటకి దిండు తడుస్తోందా. ఎన్ని కిలోలు తగ్గావు. ఈ ముచ్చట్లు ఏ రిపోర్టులోనూ లేవు, మూడుసార్లలో ఎవరూ అడగలేదు. తర్వాత నర్సుని పిలిచి, దుపట్టా కొంచెం పక్కకి తీయించి మెడ మీద వేళ్లతో తడిమాడు. ఎడమవైపు గడ్డలు వరసగా తగిలాయి. తను వాటిని అంతకుముందే చూసుకుందట, హిజాబ్ కింద ఎవరికీ కనపడవు కదా అని ఊరుకుంది. నానీ బతికి ఉంటే కంఠమాల అనేది.

గడ్డలోంచి సూదితో తీసి పరీక్షించారు. టీబీ. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, ఇది వేరేవాళ్లకి అంటదని డాక్టర్ రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తర్జుమా చేశాను. ఖాలా మాత్రం అంతకుముందు మాట దగ్గరే ఆగిపోయింది. వరండాలోకి వచ్చాక నా చెయ్యి పట్టుకుని అంది: "బాహర్ టైఫాయిడ్‌ఇచ్ బోల్. టీబీ నక్కో బోల్."

టైఫాయిడ్ మనకి ఎందుకంత ప్యారీ బీమారీనో నాకు ఆ వరండాలో అర్థమైంది. టైఫాయిడ్ వచ్చిన పిల్లని అత్తవారు పళ్లు తీసుకొచ్చి చూసిపోతారు. దిఖ్ అన్న మాట వినపడితే వాళ్ల చూపు పిల్ల మీంచి తల్లి మీదికి, అక్కడినుంచి ఖాందాన్ మీదికి పోతుంది. ఖాలాకి బీమారీ భయం కన్నా బద్నామీ భయం ఎక్కువ. ఆమెని తప్పుపట్టడం నాకు చేతకాదు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల రిష్తాలు ఒంటిచేత్తో వెతికిన మనిషి.

ఆరు నెలల మందు, సర్కారే ముఫ్త్‌గా ఇచ్చింది. ఖాలా గోళీలని పట్టీల్లోంచి తీసి విటమిన్ డబ్బాలో పోసి పెట్టింది. మొదటి వారం పేషాబ్ నారింజరంగులో వచ్చేసరికి ఖూన్ పోతోందని గాభరాపడి నాకు అర్ధరాత్రి ఫోన్ చేసింది. ఆ మందుకి అలాగే వస్తుందని డాక్టర్ ముందే చెప్పాడని గుర్తుచేశాను. నెల తిరిగేసరికి సాయంత్రం జ్వరం పోయింది. రెండో నెల నుంచి ఆకలి. తనే వంటింట్లోకి వెళ్లి రాత్రి మిగిలిన ఖీమా చల్లగానే తినేది.

అయితే అబ్బాయి తరఫువాళ్లకి చెప్పాలా వద్దా అన్నది ఇంట్లో ఇరవై రోజులు నడిచింది. మామూలు వద్దన్నారు. ఇమామ్‌సాబ్‌ని అడిగొద్దామన్నారు ఒకరు. చివరికి తనే అబ్బాయికి ఫోన్ చేసి చెప్పేసింది, టీబీ అన్న మాటతో సహా, ఎన్ని నెలలు మందు వాడాలో కూడా. అతను మంచిగానే మాట్లాడాడట. తర్వాత వాళ్ల ఇంటినుంచి షవ్వాల్ కుదరదు అన్నారు, బక్రీద్ తర్వాత చూద్దాం అన్నారు, ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. మంగ్నీ ఉంగరం వాళ్ల మనిషి ఒకాయన వచ్చి తీసుకెళ్లాడు. చాయ్ తాగమంటే తాగలేదు.

రెండేళ్లకి ఆదోని సంబంధం కుదిరింది. ఈసారి రిష్తా మాట మొదటి రోజే ఖాలా పక్కన ఉండగానే తను అంతా చెప్పింది. ఖాలా తల దించుకుని పాన్‌దాన్ సర్దుతూ కూర్చుంది. ఆమె ఇప్పటికీ చుట్టాల దగ్గర "అప్పుడు దీనికి ఖరాబ్ టైఫాయిడ్ వచ్చింది కదా" అనే అంటుంది. కూతురు సరిదిద్దడం మానేసింది.

తనకి ఇప్పుడు నాలుగేళ్ల కొడుకు. మొన్న వానల్లో వాడికి జ్వరం వస్తే పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టి అంకెలు స్కూల్ డైరీలో రాసుకుందట. డాక్టర్ మామూలు రక్తపరీక్షా, మలేరియా, డెంగ్యూ రాశాడు. ల్యాబ్‌లో కుర్రాడు బిల్లు కొడుతూ, "వైడాల్ కూడా వేసెయ్యమంటారా మేడమ్, ప్యాకేజీలో వస్తుంది" అన్నాడు.

"జ్వరం ఎన్నో రోజో అడగవా బాబూ ముందు?" అందట.

కుర్రాడు తలెత్తి చూశాడు. "ఎన్నో రోజు?"

"రెండో రోజు" అని చెప్పి, డాక్టర్ రాసిన వాటికే పైసలు కట్టి వచ్చింది. మూడో రోజు సాయంత్రానికి వాడు మంచం దిగి బిర్యానీ కావాలని ఏడుపు మొదలుపెట్టాడు. ఫోన్లో నాకూ వినిపించింది.