మా తండా కెమెరా

కేతేపల్లిలో మేం నలుగురం టీచర్లం డబ్బులు కలిపి డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలనుకున్నాం. తండాలో ఫేటియా, కాంచళి కట్టే యాడీలు ఆధార్ ఫొటో తప్ప మరోటి లేకుండానే పోతున్నారు. 1940ల్లో హైమండార్ఫ్ తీసిన నల్లమల చెంచుల ఫొటోలైతే లండన్‌లో ఉన్నాయి. మావి మా బడిలో ఉండాలి.

షాపాయన మెగాపిక్సెళ్ల లెక్కే చెప్పాడు. గోడ ఫొటోకు 24 చాలు. మాకు కావలసింది చీకటింట్లో ముఖం కనపడటం. అందుకే సెకండ్‌హ్యాండ్ కానన్ తీసుకొని, షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడిగి, మిగిలిన డబ్బుతో 50 ఎంఎం, 1.8 లెన్స్ కొన్నాం. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్ ఆ 50 దగ్గర 5.6 వరకే తెరుచుకుంటుంది. ఇది దాదాపు 10 రెట్లు వెలుతురు తీసుకుంటుంది. జూమ్ లేదు, మనమే వెనక్కి జరగాలి. చిన్న గదిలో వీపు గోడకు తగులుతుంది.

మొదటి ఫొటో చూసి యాడి, ఘూగ్రీ పెట్టుకోలేదు, మళ్లీ తియ్యమంది.