డప్పుకు మైకెందుకు

జమ్మికుంట పత్తి మార్కెట్ యార్డులో అగ్గిపుల్ల గీయొద్దు. బీడీ కూడా గేటు బయట పారేసి రావాలె. సీజన్ మొదలైతే యార్డు నిండా పత్తి బండ్లు, బోరాలు, గాలిల తేలే దూది. ఒక్క రవ్వ పడితే చాలు, రైతు ఏడాది కష్టం బూడిదే. మా ఊరి పోరల టీముకు మొట్టమొదటి చిక్కు ఇక్కడే వచ్చింది. డప్పు మంట మీద కాగితే తప్ప పలకదు. చలికాలం మంచుకు తోలు మెత్తబడితే తడి గోనెసంచిని కొట్టినట్టు చప్పుడొస్తది. అందుకని గేటు బయట రోడ్డు పక్కన వరిగడ్డి, పాత పేపర్లు కుప్పేసి అంటుపెట్టి, నాలుగు డప్పులూ కాపుకొని, వేడి దిగకముందే స్టేజీ దాక ఉరికేవాళ్లు. హమాలీలు బోరాలు పక్కకు జరిపి తొవ్వ ఇచ్చేవాళ్లు. "జరుగుండ్రి, జరుగుండ్రి, డప్పు సల్లారుతది!" అని వాళ్లే అరిచేవాళ్లు. ఆ ఉరుకుడు చూడటానికే కొందరు గేటు దగ్గర నిలబడేవాళ్లు.

నేను టీములో లేను. నాది మైక్ సెట్. మా బాపు పెట్టిన దుకాణం. రెండు అహుజా ఆంప్లిఫయర్లు, నాలుగు హారన్లు, రెండు బాక్సులు, స్టార్ట్ చేయాలంటే తాడు పదిసార్లు గుంజాల్సిన ఒక జనరేటర్. పెండ్లికి, బోనాలకు, వినాయకుడికి, ఎవరైనా పోతే భగవద్గీత క్యాసెట్టుకు, అన్నిటికీ అదే సెట్టు. 2009 డిసెంబరు 9 రాత్రి ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చినప్పుడు గాంధీ చౌరస్తాలో పటాకుల మధ్య మైకు పెట్టింది నేనే. రెండు వారాలు తిరక్కముందే, 23న మాట మారిస్తే, అదే చౌరస్తాలో దీక్షా శిబిరానికి మైకు పెట్టిందీ నేనే. మొదటిసారి కిరాయి ఇచ్చారు. రెండోసారి నేనే అడగలేదు.

ఆ టెంటు కిందనే ఈ టీము పుట్టింది. రిలే నిరాహార దీక్ష అంటే పొద్దున పదింటికి పూలదండలు, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం. మధ్యలో ఏడు గంటల సేపు ఏం చేయాలె? ఉపన్యాసాలు రెండో రోజుకే అయిపోయాయి. మూడో రోజు ఒక ఆటో డ్రైవర్ పాట ఎత్తుకున్నాడు. ఐటీఐ చదివే పిల్లగాడు టెంటు కర్రను పట్టుకొని తాళం వేశాడు. నాలుగో రోజు డప్పులు వచ్చాయి. వారం తిరిగేసరికి ఏడుగురయ్యారు. నలుగురు డప్పు, ఒకతను డోలక్, ఇద్దరు పాటగాళ్లు. పాట పాడే ఇద్దరిలో ఒకామె బీడీలు చేసే ఇంటి ఆడపిల్ల, డిగ్రీ రెండో సంవత్సరం. పేరు పెట్టుకోలేదు. ఊరు 'ధూం ధాం పోరలు' అంది, అదే నిలిచింది.

ధూం ధాం అన్నమాట మావాళ్లు పుట్టించింది కాదు. 2002లో కామారెడ్డిలో మొదలై, రసమయి బాలకిషన్ ముందుండి ఊరూరికీ తిప్పిన ఆటపాటల రూపం అది. గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు అంతకు ముప్పై ఏండ్ల ముందు జననాట్యమండలి, గద్దర్ నుంచే జనానికి తెలుసు. కాని ఆ పాటకు జనం కూర్చొని వినేవాళ్లు, కండ్లు తుడుచుకునేవాళ్లు. ధూం ధాంలో కూర్చోనియ్యరు. స్టేజీ మీద పది మంది ఒక్కసారి ఎగిరి దిగితే కింద ఉన్నవాళ్ల కాళ్లు ఊరుకోవు. నా లెక్కల పుస్తకంలో చెప్పాలంటే, పాత సభకు కుర్చీలు మూడొందలు తెప్పిస్తే మూడొందలూ నిండేవి. మా పోరల ప్రోగ్రాంకు వంద తెప్పిస్తే ఇరవై కూడా వాడేవాళ్లు కాదు, పైగా నాలుగైదు విరిగేవి. టెంట్ హౌస్ ఆయన నాతోనే కొట్లాట పెట్టుకునేవాడు.

వీళ్లేమంత బాగా వాయించేవాళ్లు? నిజం చెప్తున్న, మొదట్లో బాగలేదు. తాళం ఉరికేది. పాట ఒక మోస్తరుగా మొదలై చివరికొచ్చేసరికి పాటగాడికి ఊపిరి అందేది కాదు. డోలకతను ఆపండ్రా అని సైగ చేస్తే డప్పులవాళ్లు ఇంకా పెంచమన్నాడని అనుకునేవాళ్లు. కాని ఆ తప్పే వాళ్ల పేరైంది. వీణవంక, కమలాపూర్, ఇల్లందకుంట, ఎక్కడికి పోయినా "మీ జమ్మికుంట టీము ఉరికిస్తదిరా" అనేవాళ్లు. పెద్ద టీములు వచ్చి శుద్ధంగా పాడి పోతే చప్పట్లు కొట్టిన ఊర్లు, వీళ్లు వస్తే చెప్పులు పక్కన పెట్టి దిగేవి. 2010 జూలైలో ఉప ఎన్నిక వచ్చింది. పన్నెండు స్థానాల్లో మా హుజూరాబాద్ ఒకటి. ఆ నెల రోజులు ప్రచారపు ట్రాలీ మీదనే తిండి, ట్రాలీ మీదనే నిద్ర. జీతం లేదు. డీజిల్, అన్నం, రాత్రికి ఒకరిద్దరికి ఇంకేదో.

ఇక నా తప్పు సంగతి. ఆ రెండేండ్లు నా దగ్గర మంచి మైకులు మూడుండేవి. రెండు పాటగాళ్లకు, ఒకటి డోలక్‌కు. డప్పులకు ఎన్నడూ పెట్టలేదు. ఎవరూ అడగలేదు కూడా. డప్పు దానంతటదే ఇనవడతది, దానికి మైకెందుకు అనేది మా బాపు కాలం నుంచి ఉన్న మాట. స్టేజీ మీద కూడా వాళ్ల జాగ వెనక వరుసే. పోస్టర్ కొట్టిస్తే పాటగాడి ఫొటో, నాయకుని ఫొటో. డప్పు కొట్టే నలుగురిలో ముగ్గురు మాదిగోల్ల పోరలు. వాళ్ల తాతలు ఊర్ల చావుకు కొట్టినోళ్లు, చాటింపుకు కొట్టినోళ్లు, గింజలకు కొట్టినోళ్లు, చానాసార్లు ఉత్తగ కొట్టినోళ్లు. ఆ వెనక వరుస ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదని చెప్పలేను. ఆలోచించలేదు, అంతే.

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. నలభై రెండు రోజులు నడిచింది. బస్సులు లేవు, బళ్లు లేవు, ఆఫీసులకు తాళాలు. సింగరేణి బొగ్గు ఆగి కరెంటు కోతలు పెరిగాయి. ఆ నెల చివర్లో రైల్ రోకో. మా స్టేషన్ కాజీపేట–బల్లార్షా లైను మీద ఉంటది. ఢిల్లీ నుంచి చెన్నై పోయే బండ్లు, రామగుండం నుంచి బొగ్గు బండ్లు అన్నీ మా ముంగటి నుంచే. పొద్దున్నే ఊరంతా పట్టాల మీదికి వచ్చి కూర్చుంది. ముసలోళ్లు ప్లాట్‌ఫాం నీడన, పోరలు పట్టాల మధ్య కంకర మీద. ఒక మూలన వంటావార్పు పొయ్యిలు. నేను సెట్టు మోసుకొని పోయిన. జనరేటర్ తాడు పదిసార్లు గుంజిన, ఇరవైసార్లు గుంజిన. అది చల్లగ కూర్చుంది. ముందు రోజు రాత్రి పెట్రోలు చూసుకోలేదు, సమ్మెల పెట్రోలు ఎక్కడ దొరుకుతది?

తలెత్తి చూస్తే నెత్తి మీద ఇరవై ఐదు వేల వోల్టుల తీగ. కింద నా ఆంప్లిఫయర్‌కు ఇన్నూట ముప్పై లేదు. పక్కనున్న మేస్త్రీ నవ్విండు. "ఏం తమ్మీ, గంత కరెంటు పెట్టుకొని లేదంటవేంది?" జెండా కర్రలు ఎత్తొద్దని పెద్దలు ఒకటే మొత్తుకుంటున్నారు. ఆ తీగకు దగ్గరగా వెదురు కర్ర పోయినా ప్రాణం దక్కదు.

పాటగాడు ఉత్త గొంతుతో ఎత్తుకున్నాడు. నాలుగో వరుస దాటలేదు. ఆడపిల్ల ఎత్తుకుంది, ఆమె గొంతు ఇంకొంచెం దూరం పోయి ఆగింది. అప్పుడు పొయ్యి కాడ డప్పులు కాపుకొచ్చిన నలుగురూ, ఎవరూ పిలవకుండానే, వెనక నుంచి లేచి ముందటికి నడిచి వచ్చారు. రెండు పట్టాల మధ్య నిలబడ్డారు. ఒకడు చిర్రకట్టెతో ఒక్క దెబ్బ వేసి ఆగాడు. మళ్లా ఒకటి. సిటికెన పుల్ల గీకుడు మొదలైంది. మిగిలిన ముగ్గురూ కలిశారు.

ప్లాట్‌ఫాం రేకుల కప్పుకు తాకి ఆ దరువు రెండింతలై తిరిగొచ్చింది. నేను మైకుల పని ఇరవై ఏండ్లు చేసిన. అంత శుద్ధమైన చప్పుడు నా సెట్టులో ఎన్నడూ వినలేదు. మొదట పోరలు లేచారు, తర్వాత హమాలీలు, తర్వాత నిమ్మళంగా కూర్చున్న పంతుళ్లు. బతుకమ్మ దగ్గర్లోనే ఉండె, ఆడోళ్లు ప్లాట్‌ఫాం మీద చప్పట్ల వలయం కట్టారు. కంకర మీద ఆడితే కాళ్లు ఏమైతాయో ఆలోచించుకోండి. ఒక పోలీసాయన లాఠీని చంకలో పెట్టుకొని బూటుతో తాళం వేస్తుండె. నేను చూసిన. ఆయన నన్ను చూసి ఆపేసిండు. ఎంతసేపు? గంట అన్నోళ్లున్నారు, మూడు గంటలన్నోళ్లున్నారు. నేను గడియారం చూడలేదు. చల్లబడ్డ డప్పును పక్కకు పంపుతుంటే పొయ్యి కాడి ఆడోళ్లు కాపి ఇచ్చేవాళ్లు. ఒకటి పోతే ఒకటి. దరువు మాత్రం ఆగలేదు.

ఆ దినం నుంచి ఊరికి ఆ నలుగురి పేర్లు తెలిసినయి. అంతకుముందు 'డప్పుకొట్టేటోళ్లు'. చాయ హోటలాయన పైసలు తీసుకోవడం బంద్ చేశాడు. మార్కెట్‌లో అడ్తిదారు పిలిచి కుర్చీ వేశాడు. ఇది చిన్న మాట కాదు, మా దిక్కు ఎవరినైనా అడగండి. హుజూరాబాద్ వాళ్లు ఫోన్ చేసి "పాటగాండ్లు వేరేటోళ్లున్నరు, మీ దరువు పంపుండ్రి" అని అడిగారు.

తర్వాతి ప్రోగ్రాంకు నేను మైకు ఒకటి డప్పు ముందర పెట్టిన. ఘోరం. హారన్లు పగిలినట్టు గీపెట్టినయి. మైకును దగ్గర పెడితే ఆ దెబ్బకు తట్టుకోలేదు, దూరం పెడితే పాట గొంతు దూరేది. నెల రోజుల తండ్లాట తర్వాత ఒక పద్ధతి దొరికింది. మైకుకు తువ్వాల చుట్టి, డప్పు ముందు కాకుండా వెనక నుంచి, మనిషి నడుము ఎత్తున వేలాడదీయాలె. అట్ల పెట్టిన రోజు డప్పు కొట్టే నలుగురిలో ఒకతని తండ్రి చూడటానికి వచ్చాడు. టెంటు లోపలికి రాలేదు, కట్టె ఆనుకొని నిలబడ్డాడు. ప్రోగ్రాం అయినంక వైర్లు చుట్టుతుంటే దగ్గరికొచ్చాడు.

"ఏం బిడ్డా, డప్పుకు మైకు వెట్టినవు?"

"అవు బాపూ. ఇనవడాలె గద."

"మేం కొట్టిన దినాల ఊరవతల కొడితే ఊరంత ఇనవడేది." కాసేపు ఊరుకున్నాడు. "గని మంచిగుంది. వెట్టు."

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుకుంటూ గిటారు నేర్చాడు. ఈ కథంతా విని, "మామా, మీరు చేసింది డాన్స్ పంక్" అన్నాడు. అదేంది మళ్లా అంటే, 1979లో ఇంగ్లండులోని లీడ్స్ నుంచి గ్యాంగ్ ఆఫ్ ఫోర్ అనే బ్యాండు తెచ్చిన ఆల్బమ్ ఫోన్‌లో పెట్టి చెవులకు తగిలించాడు. పాటలో ఏమంటున్నారో నాకు అర్థం కాలేదు. గిటారు మాత్రం అర్థమైంది. అది రాగం తీయడం లేదు, సిటికెన పుల్ల లెక్క గీకుతోంది. కోపంగా ఉన్నవాళ్లు ఆడించాలనుకుంటే ఎక్కడైనా ఇట్లనే కొడతారేమో. 2018 జనవరిలో చెన్నైలో మొదటి ప్రోగ్రాం ఇచ్చిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ వీడియో కూడా చూపించాడు. గానా పాటలు, పరై డప్పులు, పక్కనే గిటారు. అందులో డప్పులు ముందు వరుసలో ఉన్నాయి, మైకులు కూడా సరిగ్గా పెట్టారు. నా కన్ను ముందు అక్కడికే పోయింది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి ఆడిన ఆటకు ఒక డప్పు తోలు చిరిగింది. తర్వాత ప్రభుత్వం సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చింది. మా టీములో ఒకరికి వచ్చింది. పాటగాడికి. నేను తప్పు పట్టను, అతని ఇల్లు గడిచింది. కాని ఉద్యోగం పేరుతోనే టీము విడిపోయిందన్నది కూడా నిజమే. డోలకతను దుబాయ్ పోయాడు. ఆడపిల్లకు పెండ్లయి మంచిర్యాల దిక్కు పోయింది, అక్కడి బడిలో పిల్లలకు పాటలు నేర్పుతదట. డప్పుల నలుగురిలో ఇద్దరు బరాత్‌లకు తీన్మార్ కొడుతున్నారు, ఒకతను యార్డులో హమాలీ, ఒకతను లేడు.

2021 అక్టోబరులో మళ్లా ఉప ఎన్నిక వచ్చింది. ఈసారి అన్ని పార్టీలకూ పాటల బండ్లు, అన్ని బండ్లకూ అదే దరువు, కండువా రంగులే వేరు. ఒక్కరోజే రెండు పార్టీలకు నేను సెట్టు కట్టిన. పైసలు బాగా వచ్చినయి. ఊరు ఆడింది కూడా. కాని ఆ ఆటలో ఎవరూ చెప్పులు పక్కన పెట్టలేదు. ఇప్పటి డప్పులకు తోలు లేదు, ఫైబరు. మంచుకు మెత్తబడదు, కాపే పని లేదు, యార్డు గేటు కాడ ఉరికే పని అసలే లేదు. పోరలకు సుఖమే. చప్పుడు మాత్రం డబ్బా మీద కొట్టినట్టు ఉంటది, ఇది నా తీర్పు, ఎవరైనా కాదంటే కాదనండి.

ఇప్పుడు మా ఊర్లో పొద్దున ఏడూ యాభై నాలుగుకు లౌడ్‌స్పీకర్లలో జాతీయ గీతం వస్తది. 2017 ఆగస్టు 15న మొదలైంది. ఎక్కడివాళ్లు అక్కడ నిలబడతారు, చాయ గ్లాసు పట్టుకున్నోళ్లు కూడా. ఆ గీతం అయిపోయి బండ్లు కదిలేలోపు ఒక క్షణం ఊరంతా చప్పుడు లేకుండా ఉంటది. ఆ క్షణంలో నాకు స్టేషన్ దిక్కు చెవి పోతది.

ఐదేండ్లు వాళ్ల పక్కనే వైర్లు పట్టుకొని తిరిగిన. ఒక్క ప్రోగ్రాం కూడా రికార్డు చేయలేదు. ఆంప్లిఫయర్ వెనక రికార్డింగుకు ఒక సాకెట్ ఉంటది, అందులో వైరు పెడితే అయిపోయేది. రేపు చేద్దాం అనుకున్న. రైల్ రోకో దినం చాలామంది చేతుల్లో కెమెరా ఫోన్లున్నయి, నేను చూసిన. ఆ పాత నోకియానో, శాంసంగో ఎవరింట్లోనన్నా బీరువా మూలన పడి ఉంటే, మెమరీ కార్డు ఒక్కసారి తీసి చూడండి. నిమిషం పాటు ఉన్నా సరే, బొమ్మ సరిగ్గా లేకున్నా సరే. గాంధీ చౌరస్తాలో మైక్ సెట్ దుకాణం ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు.