చీమకుర్తి దారిలో ఎగిరే రాయి

ఒంగోలు పట్టణములో కర్నూలు రోడ్డు ఎక్కి పడమటి దిక్కుగా బయలుదేరితే పేర్నమిట్ట, సంతనూతలపాడు దాటిన తరువాత సుమారు 20 కిలోమీటర్ల దూరములో చీమకుర్తి వస్తుంది. అక్కడి నుండి పొదిలి, కొనకనమిట్ల మీదుగా మార్కాపురము వెళ్ళవచ్చును. కూడికలకు, పెళ్ళిళ్ళకు, భూస్థాపనలకు నేను తరచుగా తిరిగే దారి ఇది. ఈ దారిలో వాహనముల ముందు అద్దాలు పగిలినంతగా నేనెరిగిన మరి ఏ దారిలోనూ పగలడం చూడలేదు. ఆర్.టి.సి. బస్సు మొదలు ఆటో వరకు, ముందు అద్దము మీద నక్షత్రము వంటి గుర్తు లేని బండి అరుదు.

ఒంగోలు అనగానే మన విశ్వాసులకు ప్రార్థన కొండ, క్లౌ దొరగారు జ్ఞాపకము వస్తారు. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ ఇ. క్లౌ దొరగారు ఈ పల్లెలన్నీ గుర్రము మీద, ఎద్దుబండి మీద తిరిగారు. 1876–78 నాటి మహా కరువులో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము త్రవ్వించే పని గుత్తకు తీసుకొని, ఆకలితో మాడిపోతున్నవారికి కూలి కల్పించారు. ఆ దినములలో దారుల నిండా రాళ్ళే. అయితే ఆ రాళ్ళు చక్రము క్రింద నలిగేవి, కాలికి తగిలి నొప్పి పెట్టేవి, అంతే. ఎగిరి వచ్చి ముఖానికి తగిలేవి కావు. ఎద్దుబండి వేగము గంటకు నాలుగు కిలోమీటర్లు. రాయి అప్పటిదే, వేగము మాత్రము వేరు.

చీమకుర్తి దగ్గర పడుతున్నదని కొండలను చూచి తెలిసికోవచ్చును. అవి దేవుడు చేసిన కొండలు కావు, మనుష్యులు పోసినవి. భూమిలో నుండి నల్లరాయి తీసి, పనికిరాని ముక్కలను బయట గుట్టలుగా పోశారు. ఆ నల్లరాయికి ‘బ్లాక్ గెలాక్సీ’ అని పేరు. నల్లని రాతిలో బంగారు రవ్వలు చల్లినట్లు మెరుస్తుంది. ఆ మెరుపు బంగారము కాదు, బ్రాంజైట్ అనే ఖనిజము. మన చీమకుర్తి రాయి సముద్రాలు దాటి వెళ్ళి పరదేశపు ఇండ్లలో వంటగది గట్టుగా మారుతుంది. పెద్ద దిమ్మలు లారీల మీద బయలుదేరుతాయి. మిగిలిన రాయి క్రషర్లలో కంకరగా, చిప్స్‌గా, డస్ట్‌గా మారి టిప్పర్లలో వెళ్తుంది. దారికి ప్రమాదము దిమ్మల కన్న ఈ కంకర వలననే ఎక్కువ.

టిప్పర్ అంచుల పైకి కంకర నింపి పట్టా కట్టకుండా తోలితే, ప్రతి గుంతలోను గుప్పెడు రాలుతుంది. రాలినది రోడ్డు మీదనే ఉంటుంది. వెనుక వచ్చే బండి టైరు దాని అంచును నొక్కినప్పుడు, వ్రేళ్ళ మధ్య నొక్కిన చింతగింజ చిమ్మినట్లు ఆ రాయి చిమ్ముతుంది. ఇంకొకటి ఉన్నది, అది మరింత చెడ్డది. లారీకి వెనుక ఇరుప్రక్కలా జంట టైర్లు ఉంటాయి గదా. క్వారీ లోపల తిరిగేటప్పుడు ఆ రెంటి నడుమ రాయి ఇరుక్కుంటుంది. తారు రోడ్డు ఎక్కి వేగము అందుకున్నాక అది ఊడితే వడిసెల రాయే. జాగ్రత్తగల డ్రైవర్లు క్వారీ గేటు దగ్గర దిగి ఇనుప చువ్వతో పొడిచి దానిని తీసివేస్తారు.

చిన్న రాయికి అంత బలము ఎక్కడిది అని మా సంఘములో ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. వానికి కాగితము మీద లెక్క కట్టి చూపించాను. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వెళ్తున్నదనుకొందాము. ఎదుటి టిప్పర్ నుండి రాయి 64 కిలోమీటర్ల వేగముతో వస్తున్నది. రెండూ కలిసి 144. ఆ రాయి పది గ్రాములదే అయినా, కిలో తూకపు రాయిని బల్ల ఎత్తు నుండి అద్దము మీద వదిలితే ఎంత దెబ్బో అంత దెబ్బ తగులుతుంది. అది కూడ సూదిమొన వంటి ఒక్క అంచు మీద. వేగము రెండింతలైతే దెబ్బ నాలుగింతలు అవుతుంది. అదే రాయి ఎద్దుబండి వేగముతో తగిలితే దెబ్బ ఇందులో వెయ్యవ వంతు కూడ ఉండదు.

గాజు స్వభావము కూడ తెలిసికోదగినదే. రేకును కొడితే సొట్టపోయి దెబ్బను మ్రింగుతుంది. గాజు వంగదు, సొట్టపోదు. దానిని నొక్కితే ఎంతో ఓర్చుకొంటుంది గాని, లాగితే ఓర్వలేదు. కంటికి కనబడని గీతలు దాని మీద ఎప్పుడూ ఉంటాయి. ఆ గీతల కొసల దగ్గర లాగుడు అంతా పోగుపడి అక్కడి నుండి నెర్రె సాగుతుందని గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1921లో ప్రచురించారు. అందుకే రాయి తగిలిన రోజున పెసర గింజంత పెచ్చు మాత్రమే లేచిన అద్దము, నెల తరువాత ఏ రాయీ తగలకుండానే ఈ చివర నుండి ఆ చివరకు చీలిపోతుంది. ఎండలో కాగిన అద్దానికి లోపల ఏ.సి. చల్లదనము తగలడం, వాన నీరు నెర్రెలోకి దిగడం, స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి మెలి తిరగడం, ఇవన్నీ దానిని సాగదీసేవే.

మార్కాపురము పలక మీద అక్షరాలు దిద్దినవారికి ఒక సంగతి జ్ఞాపకముండాలి. పలక క్రింద పడి నెర్రె ఇచ్చినా చుట్టూ చెక్క ఉన్నందున వెంటనే ముక్కలై పోయేది కాదు. కారు ముందు అద్దమునకు ఆ ఆధారము చుట్టూ కాక నడుమ ఉన్నది. రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉంచి, వేడితో ఒత్తిడితో అతికిస్తారు. ఫ్రాన్సు దేశములో బెనెడిక్టస్ అనే ఆయన 1903లో ఒక గాజు కుప్పెను జారవిడిచారనీ, లోపల ఎండిన పూత ఉన్నందున అది పగిలినా చెదిరిపోలేదనీ, దాని నుండే ఈ ఆలోచన పుట్టిందనీ చెబుతారు. 1909లో ఆయన దానికి పేటెంటు పొందారు. కనుక రాయి తగిలితే సాధారణముగా పై పలక మాత్రమే పగులుతుంది. పాత అంబాసిడర్ల ముందు అద్దాలు చాల వరకు ఇటువంటివి కావు. ఒక్క దెబ్బకు అద్దమంతా తెల్లగా నవిసిపోయి దారి కనబడకపోయేది. డ్రైవరు పిడికిలితో కన్నము పొడిచి చూచుకొనేవాడని పెద్దలు చెబుతారు.

మా సంఘములో ఒక యౌవనస్థుడు అప్పు చేసి కారు కొని అద్దెకు నడుపుతున్నాడు. ఒక వేసవిలో చీమకుర్తి దగ్గర రాయి తగిలి రూపాయి బిళ్ళలో సగమంత పెచ్చు లేచింది. ఆ కాస్త దానికి ఖర్చెందుకని ఊరుకున్నాడు. కొన్ని వారాలకు ఆ నెర్రె అతని కన్నుల ఎదుటికి పాకింది. ఒక రాత్రి నొప్పులు పడుతున్న ఒక సహోదరిని పొదిలి నుండి ఒంగోలు తీసికొని వెళ్ళవలసి వచ్చింది. ఎదురుగా వచ్చే లారీ దీపాలు ఆ నెర్రెలో పడి చీలి, దారంతా వెలుగు గీతలైపోయిందట. ఏమీ కానరాక మనిషి నడక వేగముతో వెళ్ళాడు. ప్రభువు కృపను బట్టి తల్లీబిడ్డ క్షేమముగా ఉన్నారు. అద్దము మాత్రము మార్చవలసి వచ్చింది. అతనికి ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే, దానిలో సొంత బండి అద్దానికి పైసా రాదు.

అదే మందిరములో టిప్పర్ తోలే సహోదరుడు కూడ ఉన్నాడు. పట్టా ఎందుకు కట్టరు నాయనా అని అడిగాను. “అయ్యగారూ, కట్టి విప్పడానికి ట్రిప్పుకు పావుగంట పోతుంది. మాకు ట్రిప్పుల లెక్కన డబ్బులు. పట్టా కట్టినందుకు ఎవరూ రూపాయి ఇవ్వరు” అన్నాడు. కారు అతనిని అడిగితే, “ఆ రాయి ఎవరి బండిదో తెలియదయ్యగారూ. తెలిసినా ఏమని అడుగుతాను, అతడూ నా ప్రక్కనే కూర్చుంటాడు గదా” అన్నాడు.

దావీదు రాజు వెళ్తూ ఉండగా షిమీ కొండ ప్రక్కగా నడుస్తూ రాళ్ళు రువ్విన సంగతి సమూయేలు రెండవ గ్రంథము 16వ అధ్యాయములో ఉన్నది. అతడు పగతో రువ్వాడు. టిప్పర్ డ్రైవరుకు ఎవరి మీదా పగ లేదు. కాని నిర్గమకాండము 21వ అధ్యాయములో గోతిని గూర్చిన న్యాయవిధి చూడండి. గొయ్యి త్రవ్వి కప్పకుండా విడిచినవాడు, అందులో ఎద్దు పడి చస్తే, దాని సొమ్ము ఇచ్చుకోవాలి. అతనికి పగ ఉన్నదా అని ధర్మశాస్త్రము అడుగదు, కప్పాడా లేదా అని అడుగుతుంది. మిద్దెకు పిట్టగోడ కట్టాలన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ కూడ ఇటువంటిదే. ఇక్కడ గోతి యజమానుడు ఎవరు? ట్రిప్పుకింత అని కూలి కట్టి, బరువు మించి నింపించి, పట్టాకు సమయమివ్వని లోడు యజమానుడేనని నా అభిప్రాయము. బరువు మించితే 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టములో ఉన్నది. కంకర యజమానులలో మందిరమునకు వచ్చేవారు ఉన్నారు. వారితో ఈ మాట చెప్పాను. ఒకరు తన బండ్లన్నిటికి పట్టాలు కొని, ట్రిప్పు కూలిలో పట్టా నిమిత్తము కొంత కలిపారు. మిగిలినవారు విని నవ్వి ఊరుకున్నారు.

బండి నడిపే సహోదరులు టిప్పర్ వెనుక దగ్గరగా వెళ్ళవద్దు, దాటాలన్న తొందరలో దాని ప్రక్కన నిలువవద్దు. పెచ్చు లేస్తే, మెకానిక్ దగ్గరకు వెళ్ళే వరకు దాని మీద తెల్లని టేపు అతికిస్తే దుమ్ము, నీరు దిగవు. కాగిన అద్దము మీద చన్నీళ్ళు పోయకూడదు. పెచ్చు చిన్నదిగా ఉండగానే అందులోని గాలి పీల్చివేసి, జిగురు వంటి రెసిన్ ఎక్కించి, అతినీలలోహిత దీపముతో గట్టిపరుస్తారు. నెర్రె బారెడు సాగితే ఆ వైద్యము పనిచేయదు. మన పాఠకులలో ఎక్కువ మందికి కారు లేదు, మోటారు సైకిలే ఉన్నది. వారికి ముందు అద్దము హెల్మెట్ మీది అద్దమే. అది పైకెత్తి తిరిగేవారిని ఈ దారిలో రోజూ చూస్తున్నాను.

పొదిలి దాటిన తరువాత టిప్పర్లు పలుచబడతాయి. మార్కాపురము సమీపించే కొలది నల్ల గుట్టలకు బదులు పలకరాయి పెచ్చుల కుప్పలు కనబడతాయి. అక్కడ పలకల పని చేసి ముసలివాడైన ఒక విశ్వాసి ఇంట్లో భోజనము చేశాను. ఆయన మూలనున్న పలకరాయి తీసి, వ్రేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. “ఇది మంచిదయ్యా, గంట పలికినట్టు పలుకుతుంది. లోపల నెర్రె ఉంటే ధ్వని చచ్చిపోతుంది. కంటికి కనబడక ముందే చెవికి తెలుస్తుంది” అన్నాడు. తరువాత మరియొకటి తీసి తట్టి, ఏమీ అనకుండా ప్రక్కన పెట్టాడు.