చెయ్యి తీసిన తరువాత

మర అన్న మాట తెలుగులో యంత్రానికీ చెల్లుతుంది, యంత్రాన్ని బిగించే మేకుకీ చెల్లుతుంది. పిండిమర అన్నా మరమేకు అన్నా అదే మాట. కోయంబత్తూరులో చిన్న షెడ్డు నడుపుకునే నాకు ఈ రెంటితోనే బతుకు. మా మేనల్లుడికి ఇంజనీరింగు ఇంగ్లీషులో వచ్చింది, బేరం తమిళంలో వచ్చింది. నాతో తగువు మాత్రం తెలుగులోనే.

ఆ మధ్య వచ్చిన తగువు మర గురించే. పంపు పోతలకు బెజ్జాలు వేసే యంత్రం ఒకటి గీశాడు. పైకీ కిందికీ నడిచే తల బరువు 40 కిలోలు. అన్నిటికీ బాల్ స్క్రూలే వెయ్యాలని పట్టు పట్టాడు.

వాడి వాదంలో బలం లేకపోలేదు. మామూలు ట్రెపిజాయిడల్ మరలో నట్టు పళ్ళు మర పళ్ళమీద రాసుకుంటూ జారతాయి. మనం పెట్టిన శక్తిలో నూటికి ముప్పై, నలభై వంతులే పనికి వస్తాయి. తక్కినది రాపిడికి పోతుంది. బాల్ స్క్రూలో ఉక్కు గుండ్లు గాడిలో దొర్లుతూ వెళ్ళి, నట్టులోని దారిగుండా మళ్ళీ మొదటికి వస్తాయి. నూటికి తొంభై వంతులు పనికి వస్తాయి. అరుగుదల తక్కువ, వేగం ఎక్కువ.

"కరెంటు పోతే తల ఎక్కడుంటుందిరా?" అన్నాను.

"ఉన్నచోటే ఉంటుంది మామా."

పాత యంత్రంలోంచి తీసిన బాల్ స్క్రూ ఒకటి షెడ్డులో ఉంది. వ్యాసం 16 మిల్లీమీటర్లు, లీడు 5. దాన్ని నిలువుగా పట్టుకుని నట్టు వదిలాను. అది తన బరువుకు తానే గిర్రున తిరుగుతూ దిగింది. కింద అరచెయ్యి అడ్డం పెట్టి ఆపాను. నట్టు మర దాటిందంటే గుండ్లన్నీ నేలపాలు. వాడేమీ అనలేదు. కాగితం తీసి లెక్క వేశాడు. 5 మిల్లీమీటర్ల లీడు మీద 40 కిలోల బరువు మరను వెనక్కి తిప్పే టార్కు సుమారు 0.28 న్యూటన్-మీటర్లు. కరెంటు లేని చిన్న మోటారు దానికి అడ్డం నిలవదు. పోత మార్చేవాడి చెయ్యి ఆ తల కిందనే ఉంటుంది.

మర ఏటవాలు కోణం రాపిడి కోణం కంటే తక్కువైతే బరువు మరను తిప్పలేదు. ఒంటి చుట్టు ట్రెపిజాయిడల్ మర అందుకే నిలబడుతుంది. బాగా వణికే యంత్రంలో అదీ మెల్లగా జారవచ్చు గాని, ఒక్కసారిగా పడదు. బాల్ స్క్రూయే కావాలంటే కరెంటు పోగానే పట్టే బ్రేకు ఉన్న మోటారు వెయ్యాలి. మా ఊరి పీ.ఎస్.జీ. కాలేజీ వారు కూర్చిన డేటా బుక్కు తీస్తే మరల లెక్కలు దొరుకుతాయి. చెయ్యి తీస్తే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం మనమే వేసుకోవాలి.

చివరికి అడ్డంగా నడిచే బల్లకు బాల్ స్క్రూ, తలకు ట్రెపిజాయిడల్ మర అని ఒప్పుకున్నాడు. గంటకు పడే బెజ్జాలు తగ్గుతాయని కొంత గొణిగాడు.

పోతను బిగించే మర దగ్గర మళ్ళీ ఆగాం. పోత పక్కలు నిటారుగా ఉండవు, కాస్త వాలుంటాయి. మొండి కొస మర ఒక్క అంచునే తాకుతుంది. ఆఖరి పావు చుట్టులో పోతను తనతోపాటు లాగుతుంది, సున్నా ఆకారంలో గీత పెడుతుంది. స్వివెల్ టిప్ స్క్రూకు కొసన గుండు, దానికి తొడిగిన బిళ్ళ ఉంటాయి. బిళ్ళ వాలుకు తగ్గట్టు ఒరిగి కూర్చుంటుంది. మర తిరిగినా బిళ్ళ తిరగదు. నునుపు చేసిన ముఖానికి ఇత్తడి బిళ్ళ, పచ్చి పోతకు పళ్ళున్న ఉక్కు బిళ్ళ ఎంచుకున్నాం. అయితే బిళ్ళ ఒరిగేది కొన్ని డిగ్రీలే. వాలు అంతకు మించితే కింద ఆపు కట్టవలసిందే, లేకపోతే పోత పక్కకు జారుతుంది.

రెండు మరల్లోనూ గుండే ఉంది. ఒకదానిలో అది బలాన్ని రెండు వైపులా పోనిస్తుంది. రెండోదానిలో నెట్టుడును పోనిచ్చి తిప్పుడును ఆపుతుంది. దేన్ని పోనివ్వాలి, దేన్ని ఆపాలి అన్నది తేలితే క్యాటలాగు తెరవడం తేలిక.

యంత్రం ఇప్పుడు నడుస్తోంది. మొన్న ఎవరో కొత్త కుర్రాడు గీత తెచ్చి చూపిస్తే, నేను నోరు విప్పకముందే మా వాడు అడిగాడు: "చెయ్యి తీస్తే ఏమవుతుంది?"