గళ్ల కాగితముపై సరళరేఖ

గోదావరి మండలమునందలి ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి గణితపాఠము చూడదగినదని మిత్రుడొకడు పలుమారు చెప్పియుండుటచే, నేనచ్చటికి పోయి వెనుక బల్లపై కూర్చుంటిని. ఉపాధ్యాయుడు నల్లబల్లపై 3ఎక్స్ + 5వై = 41 అని వ్రాసి, దీనికి రేఖ గీయుడనెను.

పిల్లలు అలవాటు చొప్పున ఎక్స్ స్థానమున సున్న నుంచిరి, వై 8.2 వచ్చెను. మిల్లీమీటరు గీతలుండుటచే దానినెట్లో గుర్తింపవచ్చును. కాని వై సున్నయైనచో, 41ని 3చే భాగింపగా వచ్చునది తెగని దశాంశము; దానికి కాగితముపై ఏ గీతయు లేదు.

"ఉజ్జాయింపుగా చుక్క పెడితే గీత పక్కకి పోతుంది. రెండూ పూర్ణసంఖ్యలే వచ్చే చోటు వెతకండి" అనెను మాస్టారు.

41 నుండి అయిదేసి తీసివేయుచు, మిగిలినది మూడింట పోవునాయని చూచుటయే పద్ధతి. 36 పోయెను, 31, 26 పోలేదు, 21 మరల పోయెను. అట్లు (12, 1), (7, 4) దొరకినవి. అంతట ముందు వరుసలోని బాలిక భాగహారమే చేయక, "మాస్టారూ, అయిదు గళ్లు వెనక్కి వస్తే మూడు గళ్లు పైకెళ్తోందండి. తరవాతది రెండు, ఏడు" అనెను. ఎక్స్ అయిదు తగ్గుటచే పోయిన పదునైదును, వై మూడు పెరుగుటచే వచ్చిన పదునైదు పూరించునని ఆ పిల్లచేతనే చెప్పించిన ఉపాధ్యాయుని ఓర్పు నాకెంతయు నచ్చినది. సూత్రమును ముందే అప్పగించియున్నచో ఈ ఆనందము దక్కెడిదికాదు.

రేఖకు రెండు బిందువులు చాలును, మూడవది సాక్షి. ఒక బాలుడు (7, 4)ను (4, 7)గా గుర్తింపగా స్కేలు మూడు చుక్కలను కలుపలేదు. మాస్టారు దానిని చెరిపివేయక, సమీకరణములో ప్రతిక్షేపింపుమనెను; 41కి మారుగా 47 వచ్చెను.

పిమ్మట 4ఎక్స్ + 6వై = 15 వ్రాసిరి. ఎక్స్, వై పూర్ణాంకములైనచో ఎడమ ప్రక్క ఎప్పుడును సరిసంఖ్యయే గనుక పూర్ణాంక బిందువొక్కటియు లేదు, రేఖ మాత్రము (0, 2.5), (3, 0.5)ల మీదుగా, ఏ పెద్ద గళ్ల కూడలిని తాకకయే అనంతముగా సాగిపోవును.

పూర్ణాంక బిందువులకై చేయు ఈ అన్వేషణమునే ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథమున, కుట్టకమనబడు పద్ధతిగా బోధించెను. పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహమునకు మూలకర్తయైన మహావీరాచార్యుని లెక్క యొకటి నేను చెప్పితిని: 63 సమానమైన అరటిపండ్ల రాసులును, విడిగా 7 పండ్లును 23 మంది బాటసారులు సమముగా పంచుకొనిరి. రాసిలోని పండ్లు ఎక్స్, మనిషి వాటా వై అనుకొని, రాసికి 5, మనిషికి 14 అని తేల్చుటకు తరగతి అంతయు పెనుగులాడెను. తరువాతి బిందువు 28, 77 అని ఆ బాలికయే చెప్పగా, అది కాగితమున పట్టదు గనుక, వై అక్షముపై సెంటీమీటరునకు 10 చొప్పున ప్రమాణము మార్చుకొని మరల గీయ నారంభించిరి.