మూడేసి మొక్కల కుదురు

దివిసీమ పల్లెలో పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన ఒక బాలుడు మచిలీపట్నంలోని జూనియర్ కళాశాలలో చేరాడు. తొలి వారంలోనే గణితాధ్యాపకుడు నల్లబల్లపై 1729 అని వ్రాసి, అది సంపూర్ణ ఘనసంఖ్య అవునో కాదో చెప్పమని ఆంగ్లంలో అడిగాడు. గుడివాడ నుండి వచ్చిన సహాధ్యాయి ఇరవై వరకు ఘనాలను కంఠస్థం చేసినవాడు. పన్నెండు ఘనం 1728 గనుక ఇది కాదని తక్షణమే లేచి చెప్పాడు. దివిసీమ బాలుడు తలవంచుకొన్నాడు. అతనికి తెలియక కాదు. తెలిసినదంతా తెలుగులో ఉన్నది.

అధ్యాపకుడు ఈసారి 74088 అని వ్రాశాడు. కంఠపాఠం అంతదూరం పోలేదు. వర్గసంఖ్య 2, 3, 7, 8 అంకెలతో ముగియదు. ఘనసంఖ్య మాత్రం ఏ అంకెతోనైనా ముగియవచ్చు. తొమ్మిదితో భాగించినప్పుడు ఘనానికి 0, 1, 8 మాత్రమే శేషాలుగా వస్తాయన్నది నిజమే. కాని ఘనం కాని 1729కి కూడ శేషం 1 వస్తుంది! పై గుర్తులు కొంతవరకే పనికివస్తాయి. సంఖ్యను విప్పి చూడక తప్పదు.

దివిసీమ బాలుడు మెల్లగా లేచి ప్రధాన కారణాంకాలుగా విభజించాడు. రెండుతో మూడుసార్లు భాగించగా 9261 మిగిలింది. మూడుతో మూడుసార్లు భాగించగా 343. అది ఏడును మూడుసార్లు గుణించిన ఫలం.

“నాట్లలో కుదురుకు మూడేసి మొక్కలు పెట్టినట్లేనండీ. ఒకే జాతివి మూడేసి కట్టాలి. మొక్క మిగలకపోతే ఘనం. కుదురుకొకటి తీసి గుణిస్తే ఘనమూలం, 42” అన్నాడు.

తరగతి నవ్వింది. అధ్యాపకుడు నవ్వలేదు. 1729ని కూడ విప్పమన్నాడు. 7, 13, 19 వచ్చాయి. ఒక్కొక్కటే, ఏదీ కుదురు కట్టదు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల వ్రాయదగిన సంఖ్యలలో ఇదే అతి చిన్నదని రామానుజన్ హార్డీకి చెప్పాడు. ఘనాలతో అంత చుట్టరికమున్నా తాను ఘనం కాలేకపోయింది.

ఆ బాలుడు పలకడానికి సిగ్గుపడిన ఘనమూలమనే మాట నిన్నటిది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహం చెప్పే అష్ట పరికర్మలలో అదొకటి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. లెక్కను పద్యంలో చెప్పుకొన్న భాషకు నల్లబల్ల ముందు జంకు ఎందుకు కలిగిందో!

గంట మ్రోగిన తరువాత గుడివాడ బాలుడు పుస్తకం తెచ్చి ప్రక్కన కూర్చున్నాడు.

“500 సంగతేమిటోయ్?”

“అయిదులు మూడున్నాయి, కుదురు కట్టింది. రెండులు రెండే. ప్రక్క మడి నుంచి ఇంకొక రెండు తెచ్చి గుణించు.”

అతడు గుణించి చూచాడు. వెయ్యి వచ్చింది.