కల ఇక్కడిదే... మరి కావ్యం?

శ్రీకాకుళం వెళ్తున్నామంటే ఉత్తరాంధ్ర అనుకునేరు! ఇది కృష్ణా జిల్లా శ్రీకాకుళం. విజయవాడ నుంచి పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లి చేరి, అక్కణ్నుంచి ఘంటసాల వైపు సాగితే... కృష్ణ ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు కొలువైన ఊరు.

ఈసారి నాకు తోడొచ్చింది చల్లపల్లిలో పదో తరగతి చదివే మా మేనల్లుడు. వాడిదో బాధ. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను శ్రీకాకుళం గుళ్లో కూర్చుని రాశాడని పరీక్షలో రాస్తే, తెలుగు మాస్టారు మార్కులు కోసేసి పక్కన ఎర్రసిరాతో 'ఎక్కడుంది?' అని రాశారట. 'ఊరంతా చెప్పుకునేదేగా మామయ్యా!' అని వాడి వాదన.

నిజమే, గుళ్లో మండపం చూపించి చాలామంది ఆ మాటే చెబుతారు. మేమూ అక్కడే కూర్చుని పుస్తకం తెరిచాం. అవతారికలో రాయలు చెప్పుకున్న సంగతి ఇదీ. కళింగ దండయాత్రకు బయల్దేరి, విజయవాడలో కొన్నాళ్లుండి, శ్రీకాకుళం వచ్చాడు. ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, శ్రీరంగంలో గోదాదేవితో తన పెళ్లి కథను తెలుగులో చెప్పమన్నాడు. వేంకటేశ్వరుడికి అంకితమివ్వమన్నాడు.

అంటే కల ఇక్కడిదే. కావ్యమంతా ఇక్కడే రాశాడని మాత్రం ఆ పద్యాల్లో లేదు!

'పోనీ, దేశభాషల్లో తెలుగు గొప్పదన్నది రాయలేగా?' వాడు పట్టు వదల్లేదు. 'ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూడు' అన్నాను. వేలు పెట్టి మళ్లీ చదివాడు. 'అరె... దేవుడు!' పద్యం రాసింది రాజే. అందులో మాట్లాడేది మాత్రం కలలోని దేవుడు. ఆ తేడా కనిపెట్టాక వాడి ముఖం వెలిగింది.

ఇదే స్వామి మీద పెదప్రోలుకు చెందిన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం చెప్పాడు. అంతా నిందాస్తుతి. సగం పద్యం తుంచి చూపిస్తే కవి దేవుణ్ణి తిట్టాడని రుజువు చేసేయొచ్చు. చివరిదాకా చదివితే ఆ తిట్టే దణ్ణం! పద్యం నుంచి సాక్ష్యం తెస్తే సరిపోదు, తుంచకుండా తేవాలి మరి.

తిరుగుదారిలో మొవ్వ వెళ్లాం. అక్కడి వేణుగోపాలస్వామి గుడి చూపించి, 'ఇది క్షేత్రయ్య ఊరు' అన్నాను.

'ఎక్కడుంది మామయ్యా?' అన్నాడు వాడు వెంటనే.

నవ్వొచ్చింది. పదాల్లో మువ్వగోపాలుడి ముద్ర ఉంది. ఎదురుగా గోపాలుడి గుడి ఉంది. క్షేత్రయ్య ప్రేమకథలంటారా, అవి జనం నోట విన్నవి. 'ముద్రకు ముద్ర, కథకు కథ. రెండూ విడివిడిగా రాసుకో' అన్నాను. బస్సు వచ్చేలోపు నోట్సులో రెండు గళ్లు గీసేశాడు.